మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కండి

లిఫ్ట్‌లో నోరు అదుపులో పెట్టుకోవాలని మనవాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఉదయం వాన దంచి కొడుతోంది. తడిసిన బూట్లతో, భుజాన లాప్‌టాప్ సంచితో, చెవికి ఫోను ఆనించుకుని లిఫ్ట్ ఎక్కాడు. లోపల అప్పటికే ఇద్దరున్నారు. మెడకి మఫ్లరు చుట్టుకున్న పెద్దావిడ ఒకరు, నీళ్ళు కారుతున్న గొడుగుని మూయడానికి తంటాలు పడుతున్న అమ్మాయి ఒకరు. మనవాడు ఇద్దర్నీ సరిగ్గా చూడలేదు. ఫోనులో అవతల ఉన్న బాసుకి ధైర్యం చెప్పే హడావుడిలో ఉన్నాడు.

"చిన్న పని సార్. పాత సర్వర్‌లో ఉన్నదాన్ని కొత్త సర్వర్‌లోకి ఎక్కించడమే. ఆ పుస్తకాలు చదివే గొంతు ఒకటుంది చూశారూ, అదే ఎప్పటిదో. నిన్నంతా రికార్డింగులు విన్నాను. లెక్క తప్పితే బెత్తం తీసే టీచరమ్మలా ఉంది. ముందు దాన్ని పీకేసి కొత్త గొంతు పెడితే సగం పీడ వదిలిపోతుంది."

అమ్మాయి గొడుగు సంగతి మరిచిపోయి అతనివైపు తిరిగింది. లిఫ్ట్ మూడో అంతస్తులో ఆగింది. పెద్దావిడ మఫ్లరు సర్దుకుని, తొందర లేకుండా, ఒక్కో అక్షరానికీ దాని వాటా దానికి ఇస్తూ అంది.

"బాబూ, కాస్త జరుగుతావా. మేము ఇక్కడ దిగాలి."

మనవాడు బాసు మాట మధ్యలోనే ఫోను కట్ చేశాడు. అదే గొంతు. నిన్నంతా హెడ్‌ఫోన్లలో విన్న గొంతు. కామా దగ్గర తీసుకునే ఆ చిన్న ఊపిరితో సహా అదే.

అతను దిగాల్సిందీ మూడో అంతస్తులోనే. కానీ ఏ మొహం పెట్టుకుని దిగుతాడు? పై అంతస్తు దాకా పోయి, మెట్ల మీదుగా కిందికి వచ్చాడు. వచ్చి, తలుపు తీసుకుని, సర్వర్లు చూసుకునే ఇంజనీరుగారు ఎక్కడ కూర్చుంటారని అడిగితే, కిటికీ పక్క బల్ల చూపించారు. అక్కడ గొడుగు అమ్మాయి కూర్చుని ఉంది.

"మీరేనా, గొంతు పీకడానికి వచ్చింది?" అంది.

మనవాడి పరిచయం ఇప్పుడు చేయడమే మంచిది. సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీలో ఉద్యోగం. పాతది ఏది కనబడ్డా చేతులు దురద పెడతాయి కనుక, ఆఫీసులో అందరూ 'అప్‌గ్రేడ్' అని పిలుస్తారు. తెలివైనవాడే. ఒక్కటే జబ్బు. ఏదైనా మొదటి లైను చదివి, మిగతాది తనే ఊహించేసుకుంటాడు.

అమ్మాయిని ఇంట్లోనూ బయటా అందరూ బుల్లి అంటారు. పేరు చూసి మోసపోకండి. ఒక ట్రస్టు డబ్బుతో నడిచే 'కథల లైన్' అనే సర్వీసు పని మొత్తం ఆ పిల్ల ఒక్కతే చూసుకుంటుంది. చూపు లేనివాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు, పుస్తకం పట్టుకుంటే చేతులు వణికేవాళ్ళు ఆ నంబరుకి ఫోను చేస్తారు. కావలసిన పుస్తకం ఎంచుకుంటే యంత్రం చదివి వినిపిస్తుంది. ఆ యంత్రం గొంతు బుల్లి పెద్దమ్మది. ఆవిడ ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివేది. ఒక చిన్న కంపెనీ ఆవిడ చేత నెలల తరబడి చదివించి, ఆ ముక్కల్లోంచి ఏ వాక్యమైనా చదవగలిగే గొంతు ఫైలు తయారుచేసింది. తరవాత కంపెనీ మూతపడింది. తయారుచేసినవాళ్ళు తలో దిక్కూ పోయారు. ఫైలు మాత్రం మిగిలింది. దాన్ని విప్పి మళ్ళీ తయారుచేయడం ఎవరి వల్లా కాదు. పెద్దమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు ఆఫీసుకి వచ్చి, యంత్రం ఏ మాట తప్పు పలికిందో చెప్పి, దిద్దించి వెళుతుంది.

కొత్త సర్వర్ అవసరం ఎందుకొచ్చిందంటే, సాయంత్రాలు. పొద్దు వాలాక ఫోన్లు ముమ్మరమవుతాయి. ముమ్మరమైనప్పుడల్లా ప్రోగ్రాం కుప్పకూలుతుంది. కథ మంచి పట్టులో ఉండగా అందరి లైన్లూ ఒక్కసారే తెగిపోతాయి. హీరో తలుపు తడతాడు, అంతే, ఇక నిశ్శబ్దం.

మనవాడు గంటలోపే కారణం పట్టేశాడు. ఒప్పుకోవాలి, ఆ విషయంలో దిట్ట. ప్రోగ్రాం నడవడానికి కింద ఒక రన్‌టైమ్ ఉంటుంది. నాటకానికి స్టేజీ ఉన్నట్టు. ఇక్కడున్నది పాతకాలపు 32 బిట్ రన్‌టైమ్. సర్వర్‌లో ఎంత మెమరీ ఉన్నా, అది ఒక హద్దు దాటి వాడుకోలేదు. హద్దు దగ్గరికి వచ్చేసరికి కూలిపోతుంది.

"64 బిట్ రన్‌టైమ్ పెడితే ఈ బాధ ఉండదు," అన్నాడు, చొక్కా చేతులు మడుస్తూ. "కాఫీ తాగి వచ్చేలోపు అయిపోతుంది."

"తాగి రండి," అంది బుల్లి. ఆ మాటలో ఏదో తేడా ఉందని అతనికి అప్పుడే తట్టాల్సింది.

కొత్త సర్వర్ మీద 64 బిట్ రన్‌టైమ్ ఎక్కించాడు. ప్రోగ్రాం మొదలుపెట్టాడు. నిలబడ్డట్టే నిలబడి పడిపోయింది. గొంతు ఫైలు ఎక్కలేదని ఎర్రటి అక్షరాల్లో చెప్పింది. ఫైలు చోటు తప్పిందేమోనని దారి సరిచేశాడు. పడిపోయింది. ఫైలు పాడైందేమోనని మళ్ళీ కాపీ చేశాడు. పడిపోయింది. అనుమతులు లేవేమోనని అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేశాడు. మరింత శ్రద్ధగా పడిపోయింది.

బుల్లి కుర్చీ వెనక నిలబడి ఇదంతా చూస్తోంది. సాయం చేయడం లేదు, వెళ్ళడం లేదు.

"ఫైలు కళ్ళ ముందు కనబడుతోంది. మరి దొరకలేదంటుందేమిటండీ ఇది?" అన్నాడు చివరికి.

"దొరకలేదని కాదండీ, ఇమడదని అంటోంది. రెండో లైను కూడా చదవండి."

చదివాడు. ఫైలు వేరే ఆర్కిటెక్చర్‌కి, అంటే పాత 32 బిట్ రకానికి, తయారైందని రెండో లైనులో స్పష్టంగా ఉంది. మనవాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా పట్టు వదలకుండా, ఆపరేటింగ్ సిస్టం 64 బిట్ కనుక పాతవీ కొత్తవీ అన్నీ నడవాలి కదా అని వాదించాడు. నడుస్తాయి, కానీ విడివిడిగా, అంది బుల్లి. ఇల్లు పెద్దదైనంత మాత్రాన సరిపోదు, ఒకే ప్రోగ్రాం లోపల కూర్చునేవన్నీ ఒకే రకానివి అయి ఉండాలి, 64 బిట్ రన్‌టైమ్ 32 బిట్ గొంతుని లోపలికి రానివ్వదు. ఈ సంగతి తనకి ఎప్పటినుంచో తెలుసనీ, మరి ఎందుకు చెప్పలేదంటే లిఫ్ట్‌లో ఆయనగారు ఎవరి మాటా వినే ధోరణిలో కనబడలేదనీ చెప్పింది.

"మరైతే గొంతు మార్చాలి," అన్నాడు మనవాడు.

"రన్‌టైమ్ మార్చకపోతే సరిపోతుంది," అంది బుల్లి.

పంచాయితీ కథల లైన్ మేనేజరుగారి గదికి చేరింది. మేనేజరుగారు ఇద్దరి మాటా విన్నారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. పాత సర్వర్ ఉన్న గది నెలాఖరుకి ఖాళీ చేయాలి, ఆ తరవాత అది ఉండదు. ఈలోగా లైన్‌లో సీరియల్‌గా వస్తున్న పెద్ద నవల ముగియబోతోంది. చివరి అధ్యాయం వచ్చే సాయంత్రం ఫోన్లు విరగబడతాయి. ట్రస్టు పెద్దలంతా వచ్చి కూర్చుని వింటామన్నారు. ఆ సాయంత్రం లైను తెగకపోతే పెద్దమ్మ గొంతు ఉంటుంది. తెగిందా, మర్నాడు రెడీమేడ్ కొత్త గొంతు పెట్టేసి, పాత ఫైలు తీసేస్తారు.

బయటికి వచ్చాక బుల్లి తన బల్ల దగ్గరికి పోయి, పెద్దమ్మ దిద్దిన మాటల జాబితా ముందు పెట్టుకుని కూర్చుంది. అది చూసి మనవాడికి ఏదోలా అయింది. సగం గెలిచినవాడికి ఉండాల్సిన హుషారు అతనిలో లేదు.

అప్పట్నుంచి యుద్ధం కొత్త సర్వర్ లోపల మొదలైంది. ప్రోగ్రాం ఏ రన్‌టైమ్ మీద లేవాలో చెప్పే ఫైలు ఒకటుంటుంది. అందులో ముందు హాష్ (#) గుర్తు పెట్టి రాసిన లైన్లని యంత్రం పట్టించుకోదు. అవి మనుషుల కోసం. మర్నాడు మనవాడు ఫైలు తెరిస్తే కొత్త లైను కనబడింది.

'32 బిట్. దయచేసి మార్చవద్దు.'

కింద రాశాడు. 'మార్చాను. 64.'

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. 'మళ్ళీ మార్చాను. ఎవరు మార్చారో నాకు తెలుసు.'

'తెలిసినందుకు సంతోషం.'

'మీ సంతోషం కోసం సర్వర్ నడపడం లేదండీ.'

పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని, నోటితో ఒక్క మాట లేకుండా, ఇద్దరూ ఆ ఫైల్లోనే పోట్లాడుకున్నారు. సర్వర్ పొద్దున 64 మీద, సాయంత్రం 32 మీద లేస్తోంది. దానికే మతి పోయి ఉంటుంది. కానీ ఒక సంగతి మనవాడు గమనించలేదు. ఆఫీసుకి రాగానే బూట్లు తుడుచుకోకముందే ఆ ఫైలు తెరుస్తున్నాడు. లైను లేకపోతే టీ చేదుగా ఉంటోంది.

మేనేజరుగారు ఒక సాయంత్రం ప్రయోగంగా కొత్త గొంతు పెట్టించారు. శ్రోతలు ఏమంటారో ఫోను దగ్గర కూర్చుని మీరే వినండి అని బుల్లి మనవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. తిడతారని సిద్ధపడ్డాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒకరి తరవాత ఒకరు ఒకే మాట అడిగారు, ఆవిడకి ఒంట్లో బాగాలేదా అని.

చివరగా ఒక రిటైర్డ్ రైలు గార్డుగారు ఫోను చేశారు. చూపు పోయి చాలాకాలమైంది. రోజూ కథ మొదలయ్యే ముందు యంత్రానికి నమస్కారం చెబుతారు.

"ఆవిడ కామా దగ్గర ఊపిరి తీసుకుంటుంది బాబూ," అన్నారాయన. "ఈ కొత్తావిడ తీసుకోదు. వింటుంటే నాకు ఆయాసం వస్తోంది. పాతావిడ కులాసాగా ఉందా లేదా, ఆ ఒక్కటీ చెప్పు."

కులాసాగా ఉన్నారండీ, అని చెప్పి మనవాడు ఫోను పెట్టేశాడు.  తరవాత లేచి, ఎవరూ చెప్పకుండానే ఫైలు తెరిచి, 64 కొట్టేసి 32 పెట్టాడు. కింద రాశాడు. 'మీరే రైటు. కానీ చివరి అధ్యాయం రోజు ఇది కూలిపోతుంది. ఏం చేద్దాం?'

జవాబు వెంటనే వచ్చింది. 'ముందు కాఫీ తాగుదాం. ఇక్కడి మెషీను పాడైంది. కింద కొట్టుకి వెళ్ళాలి.'

'వాన పడుతోంది.'

'నా దగ్గర గొడుగుంది. నువ్వు రాయడం ఆపి లేస్తే వెళ్ళచ్చు.'

ఆ 'నువ్వు' దగ్గర మనవాడు ఆగిపోయాడు. అదృష్టం చూడండి, ఆ లైను మాత్రం చివరిదాకా చదివాడు.

ఒక గొడుగు, ఇద్దరు మనుషులు, ఏటవాలు వాన. గొడుగు మొత్తం ఆమె వైపు వంచి మనవాడు సగం తడిశాడు. అది చూసి బుల్లి గొడుగుని ఇటు నెట్టింది. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. కొట్టు చేరేసరికి ఇద్దరూ నిండా తడిశారు, గొడుగు మాత్రం హాయిగా ఉంది. కాఫీ తాగుతూ బుల్లి చెప్పింది, పెద్దమ్మకి ఆ లిఫ్ట్ అబ్బాయిని ఒకసారి చూడాలనుందట. మనవాడికి పొలమారింది.

"క్షమాపణ చెప్పాలి నేను," అన్నాడు.

"చెప్పకుండా ఇంట్లోంచి కదలనివ్వదులే," అంది బుల్లి.

సెలవురోజు పొద్దున్నే తీసుకెళ్ళింది. దారి పొడుగునా మనవాడు క్షమాపణ వల్లె వేస్తూనే ఉన్నాడు. పెద్దమ్మ తలుపు తీసి, లోపల కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.  బెత్తం కోసం మనవాడి కళ్ళు ఒకసారి గది వెతికాయి కూడా.

గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయాడు. ఇంతలో గోడ మాట్లాడింది.

"ఏమోయ్, నా కళ్ళజోడు అటుందా?"

చూస్తే, రెండు గదుల మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. పెద్దమ్మ లేవకుండానే పక్కనున్న కళ్ళజోడు అందుకుని కిటికీలోంచి ఇచ్చింది. అవతల్నుంచి ఒక చెయ్యి దాన్ని తీసుకుని, బదులుగా మడిచిన పేపరు ఇచ్చింది.

పెద్దనాన్నగారు కిటికీలోంచే మనవాణ్ణి పలకరించి, కథంతా చెప్పారు. ఆయనకి ఫ్యాను జోరుగా తిరిగితే తప్ప ప్రాణం నిలవదు. ఈవిడకి గాలి తగిలితే గొంతు పట్టేస్తుంది. కొత్త కాపురంలో రోజూ అదే గొడవ. విసిగిపోయి, మధ్యలో గోడ కట్టించుకుని, గోడలో కిటికీ పెట్టించుకున్నారు.

"ఒకే గదిలో ఉన్నన్నాళ్ళూ ఫ్యాను గురించి తప్ప మాట్లాడుకోలేదయ్యా," అన్నారు. "కిటికీ పెట్టాక అన్నీ మాట్లాడుకుంటున్నాం. ఆవిడ ఫ్యాను ఆవిడది, నా ఫ్యాను నాది. ఇవ్వాల్సింది ఇక్కడ ఇస్తాను, పుచ్చుకోవాల్సింది ఇక్కడే పుచ్చుకుంటాను."

మనవాడు కప్పు పట్టుకుని అలాగే లేచి నిలబడ్డాడు. కాఫీ సగం చొక్కా మీద పడింది. బుల్లి వైపు చూశాడు. బుల్లి అప్పటికే లేచి ఉంది. ఆమె కళ్ళు ఆ కిటికీ మీదే ఉన్నాయి.

"విడిగా పెడితే," అన్నాడు.

"గొంతుని వేరే చిన్న ప్రోగ్రాంలో," అంది బుల్లి.

"అది 32 మీద. మిగతాదంతా 64 మీద."

"వాక్యం ఇటు నుంచి ఇస్తాం, శబ్దం అటు నుంచి పుచ్చుకుంటాం. మనిద్దరం ఆ రెండింటినీ ఒకే ప్రోగ్రాంలో కుక్కాలని ఎందుకు కొట్టుకుంటున్నాం ఇన్నాళ్ళూ?"

సంతోషం పట్టలేక మనవాడు ఆమె చెయ్యి పట్టుకుని బయటికి పరిగెత్తాడు. చెప్పులు వేసుకున్నారో లేదో కూడా చూసుకోలేదు. ఖాళీ అయిన గదిలో పెద్దమ్మ కిటికీ వైపు తిరిగింది. క్షమాపణ చెప్పడానికి వచ్చినవాడు అది తప్ప అన్నీ చెప్పి పోయాడేమండీ అని అడిగింది. పెద్దనాన్నగారు పేపరు చదువుతూనే, చెయ్యి పట్టుకున్నాడు కదా, మళ్ళీ వస్తాడులే అన్నారు.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో ఇద్దరికీ తెలియదు. గొంతుకి చిన్న ఇల్లు బుల్లి కట్టింది. పెద్ద ఇల్లు మనవాడు కట్టాడు. మధ్యలో కిటికీ ఎలా ఉండాలో ఇద్దరూ కలిసి దెబ్బలాడుకున్నారు. వాక్యం అటు వెళ్ళి శబ్దం ఇటు వచ్చేసరికి రవ్వంత ఆలస్యమవుతోందని మనవాడు దిగులుపడితే, పెద్దమ్మ మాట్లాడే ముందు ఎలాగూ ఒక క్షణం ఆగుతుంది, ఎవరూ కనిపెట్టరు అని బుల్లి నవ్వేసింది. రద్దీ ఎక్కువైతే ఒక గొంతు చాలదని, అలాంటి చిన్న ఇళ్ళు వరసగా మరికొన్ని కట్టారు. ఇంతమంది పెద్దమ్మలున్నారని పెద్దనాన్నకి చెప్పకు, కంగారుపడతాడు, అని బుల్లి ఫైల్లో లైను రాసింది.

రెండు కిటికీలు పెట్టుకున్నారు. ఒకటి లైవ్, శ్రోతలకి. ఇంకోటి టెస్ట్, వీళ్ళకి. టెస్ట్ కిటికీలో ఏది టైప్ చేస్తే అది బుల్లి హెడ్‌ఫోన్‌లో పెద్దమ్మ గొంతుతో వినబడుతుంది. ఏది చదివినా చివర, మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కండి, అని యంత్రం తనంతట తనే కలుపుకుంటుంది.

చివరి అధ్యాయం సాయంత్రం రానే వచ్చింది. వాన కూడా వచ్చింది. మేనేజరుగారి గదిలో ట్రస్టు పెద్దలు బారులు తీరి కూర్చున్నారు. మధ్య బల్ల మీద స్పీకర్లో లైవ్ లైను పెట్టారు. గోడ మీద తెరపై ఎంతమంది లైన్లో ఉన్నారో, మెమరీ ఎంత పట్టిందో చూపించే గీత. పాత సర్వర్ కూలే హద్దు దగ్గర ఎర్ర గీత ఒకటి గీసి పెట్టారు.

మనవాడు హాల్లో చివరి బల్ల దగ్గర ఉన్నాడు. అతని కంగారు సర్వర్ గురించి కాదు. ఈ సాయంత్రంతో తన పని అయిపోతుంది. నెగ్గినా ఓడినా రేపట్నుంచి ఈ బల్ల ఉండదు, ఈ ఫైలు ఉండదు, పొద్దున్నే చదవడానికి లైను ఉండదు. చెప్పాల్సింది ఇప్పుడే చెప్పాలి. లిఫ్ట్‌లో అడ్డూ ఆపూ లేకుండా వాగిన నోరు, బుల్లి ఎదురుగా మాత్రం పెగలడం లేదు. అందుకని మనవాడికి గొప్ప ఆలోచన వచ్చింది. టెస్ట్ కిటికీ.

అదే సమయానికి లోపలి గదిలో బుల్లి వేరే కంగారులో ఉంది. అనుకున్నదానికన్నా ముందే ఫోన్లు విరగబడ్డాయి. పాత సర్వర్ ఆయాసపడుతోంది. లైవ్ కిటికీ ఇంకా దానికే తగిలించి ఉంది, మార్చే వ్యవధి లేదు. దాంతో కొత్త సర్వర్‌లో సిద్ధంగా ఉన్న టెస్ట్ కిటికీనే లైవ్ చేసేసి, ఎప్పటిలాగే ఫైల్లో రాసింది.

'పాతది వదిలేశాను. కొత్తది బ్రహ్మాండంగా ఉంది.'

'టెస్ట్ కిటికీనే లైవ్ చేశాను. ఇక అందులో ఏమీ పంపకు.'

మనవాడు ఫైలు తెరిచాడు. మొదటి లైను చదివాడు. మొహం వెలిగిపోయింది. మూసేశాడు.

టైప్ చేయడం మొదలుపెట్టాడు. చేసి, కళ్ళు మూసుకుని పంపాడు.

మేనేజరుగారి గదిలో స్పీకర్ గొంతు సవరించుకుంది. చివరి అధ్యాయం కోసం లైన్లో కాచుకుని ఉన్న ప్రతి ఒక్కరి చెవిలోనూ పెద్దమ్మ గొంతు, తొందర లేకుండా, ఒక్కో అక్షరానికీ దాని వాటా ఇస్తూ, కామా దగ్గర ఊపిరి తీసుకుంటూ చదివింది.

"బుల్లీ, ఇది టెస్ట్. లిఫ్ట్‌లో వాగినదానికి పెద్దమ్మగారికి క్షమాపణ చెప్పాలి, ఇంకా చెప్పలేదు, రేపే వెళ్ళి చెబుతాను. నీకు చెప్పాల్సింది వేరే ఉంది. నువ్వంటే నాకు ఇష్టం, చాలా ఇష్టం. మనం ఒకే గదిలో ఇమడకపోతే, మనమూ గోడకి కిటికీ పెట్టించుకుందాం. నన్ను పెళ్ళి చేసుకుంటావా? మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కండి."

ట్రస్టు పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేనేజరుగారు కళ్ళద్దాలు తీశారు, తుడుచుకోవడం మరిచిపోయారు.

అప్పుడు శ్రోతలు నొక్కారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, లైన్లో ఉన్న జనమంతా ఒకటి నొక్కారు. విన్నవాళ్ళు పక్కింటివాళ్ళకి చెప్పారు కాబోలు, కొత్త ఫోన్లు వచ్చిపడ్డాయి. వరసగా ఉన్న పెద్దమ్మలంతా తలో లైన్లో అదే మాట మళ్ళీ మొదటినుంచి చదువుతున్నారు. తెర మీద గీత లేచింది. ఎర్ర గీతని చేరింది.  గీత ఎర్ర గీతని దాటి, ఇంకా పైకి పోయి, అక్కడ నిలబడింది. ఒక్క లైను తెగలేదు.

మనవాడు హాల్లోంచి పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. స్పీకర్లో తన మాటలే వింటూ, భూమి చీలితే దూరిపోదామన్నట్టు నిలబడ్డాడు. లోపలి గది తలుపు తీసుకుని బుల్లి వచ్చింది. హెడ్‌ఫోన్ మెడలో ఉంది. మొహం మందారంలా ఉంది.

"రెండో లైను చదవలేదు కదూ?" అంది.

మనవాడు తల అడ్డంగా ఊపాడు.

ఫిర్యాదుల ఫోను మోగింది. రైలు గార్డుగారు. ఆ అమ్మాయి ఏమందో చెప్పకుండా అధ్యాయం మొదలుపెడితే మర్యాదగా ఉండదని ఆయన మేనేజరుగారితో ఖచ్చితంగా చెప్పేశారు. అది పెట్టేయగానే బుల్లి సెల్‌ఫోను మోగింది. పెద్దమ్మ. రోజూ సాయంత్రం తన గొంతు తనే విని తప్పులు రాసుకునే అలవాటు ఆవిడకి. బుల్లి ఫోను స్పీకర్లో పెట్టింది.

"విన్నానే," అంది పెద్దమ్మ. "నేనెప్పుడూ ఎవరికీ ఇలాంటి మాట చెప్పలేదు, మీ పెద్దనాన్నకి కూడా. నా గొంతులో వింటుంటే బాగానే ఉంది. అబ్బాయి మంచివాడే, కాస్త తొందర మనిషి. నాకు నచ్చాడు, మీ అమ్మకి నేను చెబుతాను. కానీ జవాబు మాత్రం యంత్రంలో టైప్ చేయకు. అది నీ గొంతుతోనే చెప్పు."

వెనకనుంచి, ఫ్యాను హోరులో, కిటికీకి కొలతలు కావాలంటే తన దగ్గరున్నాయని పెద్దనాన్నగారు అరవడం వినబడింది.

లైను ఆగిపోయినప్పుడు ప్రకటన చెప్పడానికి మేనేజరుగారి బల్ల మీద మైకు ఒకటుంటుంది. బుల్లి దాని దగ్గరికి వెళ్ళింది. మనవాడి వైపు చూసింది. మీట నొక్కింది.

"మొదటి లైను, సరే," అంది. పెద్దమ్మలా అక్షరాలు విడివిడిగా రాలేదు, కామా దగ్గర ఊపిరి తీసుకోవడమూ మరిచిపోయింది. "రెండో లైను కూడా విను. నాకూ నువ్వంటే చాలా ఇష్టం, ఆ గొడుగు రోజునుంచీ. మూడో లైను. గోడా వద్దు, కిటికీ వద్దు, ఫ్యాను ఎంత జోరులో తిరగాలో ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం."

మీట వదిలింది. వెంటనే యంత్రం తన అలవాటు ప్రకారం అందుకుంది. మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కండి.

గదిలో చప్పట్లు మొదలయ్యాయి. మనవాడు చప్పట్లు కొట్టలేదు. జేబులోంచి ఫోను తీసి, కథల లైన్ నంబరు కలిపి, చెవికి ఆనించుకుని, బుల్లి వైపే చూస్తూ ఒకటి నొక్కాడు. చివరిదాకా విన్నాడు. మళ్ళీ నొక్కాడు.

ఆ సాయంత్రం చివరి అధ్యాయం చాలా ఆలస్యంగా మొదలైంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.